గవ్వకళ్లోడి ఆట

మా బావ అంకమ్మరావు పేకాడుతూ దొరికిపోయాడని పేపర్లో పడింది. ఆ సమయంలో ఆయనకు ఎదురుగా ఉన్నది లారీల కాటా గది గోడ ఒక్కటే. గోడతో పేకాడిన మనిషిని పట్టుకుపోయిన ఘనత మా మండలం పోలీసులదే. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందుకే ముందుగా కక్కేశాను. ఇక మొదటి నుంచి చెబుతాను.

మా అక్క వెంకటరావమ్మనూ నన్నూ సత్తెనపల్లి పక్కన ఒకే ఊరికి ఇచ్చారు. మావి ఎదురెదురు ఇళ్లు. కుట్టుమిషను తొక్కుతూ నేను తలెత్తితే అక్క వాకిలే కనిపిస్తుంది. కాబట్టి నేను చెప్పేదాంట్లో చూసిందే ఎక్కువ, విన్నది తక్కువ.

పెళ్లైన కొత్తలో బావకు లేని దురలవాటు లేదని అంటే అబద్ధం. ఆయనకు ఒక్కటే దురలవాటు. అదే మొత్తం ఊడ్చేసింది. పత్తిని పురుగు తినేసిన రోజులవి. వాన రాని ఏడు మా ఊళ్లో పండే పంట పేకాట ఒక్కటే. పొలంలో పని లేక మగవాళ్లంతా పశువుల కొట్టాల్లో చాపలేసుకుని కూర్చునేవాళ్లు. బావ వాటాకు వచ్చిన మిరప చేను ఆ చాప మీదే పోయింది. చేను పోయిన మర్నాడు కూడా పోయి కూర్చున్నాడంటే ఇక ఏమనాలి? ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను నేను. "మరదలివి కాబట్టి సరిపోయింది" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా కోపం వచ్చేది.

మా అక్క తిట్టలేదు, పుట్టింటికీ పోలేదు. అప్పటికి వాళ్ల కూతురు తేజశ్రీ పాకుతోంది. ఒకరోజు పొద్దున్నే పిల్లకు నీళ్లు పోసి, బొట్టు పెట్టి, తెచ్చి బావ ఒళ్లో కూర్చోబెట్టింది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని పిల్ల తల మీద పెట్టింది.

"ఎదురుగా ఇంకో మనిషి కూర్చునుంటే పేక ముట్టనని చెప్పు" అంది.

బావ మొహం పాలిపోయింది. ఒట్టంటే మా వైపు ఊరికే నోటి మాట కాదు. తప్పితే ఎవరి తల మీద చెయ్యి వేశామో ఆ తలకే తగులుతుందని నమ్ముతాం. అందుకే పెద్దవాళ్లు పసిపిల్లల మీద ఒట్టు వేయనివ్వరు. మా అక్క తెగించి వేయించింది. బావ చెప్పాడు. అదంతా నేను వాకిట్లో నుంచి చూశాను.

ఒట్టు వేయడం ఒక పూట పని, నిలబెట్టుకోవడం అలా కాదు. అన్నం తింటూ తింటూ కంచం అంచు మీద బొటనవేలు ఆడించేవాడు, ముక్కలు విప్పుతున్నట్టు. నిద్రలో కూడా చేతులు పేక కలుపుతున్నాయని అక్క చెప్పింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడేవాడు. మనిషి సగమైపోయాడు. అది చూడలేక అక్కే ఒకనాడు సత్తెనపల్లి పోయి, ఫ్యాన్సీ షాపులో కొత్త పేక కొనుక్కొచ్చి ఆయన ముందు పడేసింది.

"ఒక్కడివే ఆడుకో. ఎవడన్నా ఎదురుగా కూర్చున్నాడో, పిల్లని గుర్తు పెట్టుకో!"

పేకలో చెడు లేదు, ఎదురుగా కూర్చునేవాళ్లలోనే ఉందని దాని నమ్మకం. పేకాట మాన్పించడానికి మొగుడికి పేక కొనిచ్చిన ఆడదాన్ని నేను మళ్లీ చూడలేదు. షాపువాడు దాన్ని ఎగాదిగా చూశాడట. "మా ఆయనకే" అని చెప్పి మరీ తెచ్చుకుంది.

ఒక్కడే ఆడే ఆట బావకు ఏదీ రాదు. నేర్పేవాళ్లూ లేరు. అందుకని సొంతంగా ఒకటి అల్లుకున్నాడు. ఆయన అమ్మమ్మగారిది కొత్తపట్నం పక్కన సముద్రపు పల్లె. చిన్నప్పుడు సెలవులకు పోతే ఆమె ఓడదొంగల కథలు చెప్పేదట. ఆ దొంగలంతా ఎప్పుడో మునిగి చచ్చి, చావడం ఇష్టం లేక తిరిగి లేచి, మంచు పట్టిన రోజు ఓడల మీద తిరుగుతుంటారట. వాళ్లందర్నీ ఈయన పేకలోకి తెచ్చాడు.

నలుగురు రాజులు నలుగురు ఓడదొంగలు. నాలుగు ఆసులు నాలుగు రేవులు. పేక బోర్లా పెట్టి ఒక్కొక్క ముక్కే తిప్పుకుంటూ పోవాలి. అంకె ముక్కలు సరుకు. అందులో మూడింటిని మాత్రమే చేతిలో దాచుకోవాలి, మిగతావి సముద్రంలో పారేయాలి. దొంగ వచ్చినప్పుడు చేతిలో సరుకు ఇరవై దాటితే అది వాడి మొహాన కొట్టి తప్పించుకోవచ్చు. లేకపోతే వాడు ఓడ వెంట పడతాడు. జాకీ వస్తే తుఫాను, చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. రాణి జలకన్య. వెంటపడుతున్న దొంగల్లో ఒకణ్ణి కాలు పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది. ముగ్గురు దొంగలు ఒక్కసారే వెంట ఉంటే ఓడ మునిగినట్టు. ఈలోపు నాలుగు రేవులూ చేరితే గట్టెక్కినట్టు.

దొంగలకు పేర్లు కూడా పెట్టాడు. ఆటీను రాజు ఉప్పుగడ్డం. డైమను రాజు ఒంటిచెవి. కళావరు రాజు మసిమూతి. అందరికంటే చెడ్డవాడు ఇస్పేటు రాజు, గవ్వకళ్లోడు. చేపలు కళ్లు తినేస్తే ఆ గుంటల్లో గవ్వలు పెట్టుకున్నాడట. రాజుల బొమ్మల మీద బాల్ పెన్నుతో గడ్డాలు దిద్ది, అక్క గోళ్లరంగుతో కత్తులకు నెత్తురు పూసి, ఇస్పేటు రాజు కళ్ల మీద తెల్లగా రెండు గవ్వలు వేశాడు. రాణులకు నడుము కింద చేప తోకలు గీశాడు. నలుగురు జలకన్యలకూ ముక్కుపుడక మా అక్కదే.

"ఏం బావా, సముద్రం నిండా మా అక్కేనా?" అని ఏడిపించేదాన్ని.

"దొంగల్ని లాగి పారేసేవాళ్లు ఇంకెవరున్నారు దుర్గా?" అనేవాడు.

అప్పటికి ఆయన సత్తెనపల్లి రోడ్డు మీద లారీల కాటా దగ్గర పనికి కుదిరాడు. మిర్చి లారీ వస్తే కాటా మీదకు ఎక్కించి, తూకం చీటీ రాసిచ్చి పంపడం. ఒక లారీ దిగి ఇంకొకటి ఎక్కేలోపు ఆట అయిపోవాలి. అందుకే దాన్ని అంత పొట్టిగా కట్టుకున్నాడు. లారీ హారన్ కొడితే ముక్కలు అక్కడే వదిలేసి లేచేవాడు. రోడ్డుకు అవతల జోహరాబీ టీ కొట్టు. ఆమె రోజూ టీ ఇచ్చేటప్పుడు గుమ్మంలోనే నిలబడేది, ఎదురుగా కూర్చునేది కాదు. ఒట్టు సంగతి ఆమెకూ తెలుసు.

సాయంత్రం ఇంటికి రాగానే అక్క కాళ్లకు నీళ్లిస్తూ అడిగేది, "ఇవాళ ఎవరు గెలిచారయ్యా?" ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. "రెండుసార్లు రేవు చేరా. తర్వాతంతా గవ్వకళ్లోడిదే." తేజశ్రీ పెద్దయ్యాక అది కూడా తండ్రి మెడకు వేలాడి అడిగేది. గవ్వకళ్లోడు గెలిచాడంటే దానికి ఏడుపు వచ్చేది. చేను లేకపోయినా ఆ ఇంట్లో నవ్వు ఉంది. అన్నేళ్లూ బావ ఇంకో మనిషి ముందు పేక ముట్టలేదు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

రెండువేల ఆరు ఆషాఢంలో వానలు ఆలస్యమయ్యాయి. ఇంకేముంది, చాపలు మళ్లీ పరిచారు. కాటా షావుకారు మేనల్లుడు, వాడి స్నేహితులూ కాటా గది వెనక కొట్టంలో ఆడుతుండేవాళ్లు. ఒక మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. కొట్టంలో వాళ్లు గోడ దూకి కంపచెట్లలో పడి పరిగెత్తారు. పోలీసులు ముందుకు వచ్చి చూస్తే గదిలో బావ ఒక్కడే కూర్చుని, ముందు ముక్కలు పరుచుకుని ఉన్నాడు. ఇంకేం కావాలి వాళ్లకు?

"ఎవర్రా నీతో ఆడింది?" అన్నాడు ఎస్సై.

"ఎవరూ లేరండి. ఇది ఒక్కడే ఆడేదండి."

"ఒక్కడే ఆడతావా? గెలిస్తే ఎవడిస్తాడ్రా నీకు?"

"ఎవరూ ఇవ్వరండి. ఓడ రేవుకు చేరుద్దండి."

కానిస్టేబుళ్లు పగలబడి నవ్వారు. జోహరాబీ రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి, "అయ్యా, నేను రోజూ చూస్తానండీ, ఆయన ఒక్కడే ఆడుకుంటాడు, పాపం" అంది. "నువ్వు పోయి టీ కాచుకో" అన్నారు. పారిపోయినవాళ్లలో ఇద్దరు ముల్లు గుచ్చుకుని దొరికారు. వాళ్లనూ బావనూ కలిపి జీపెక్కించారు. షావుకారు మేనల్లుడూ దొరికాడనీ, వాడి పేరు స్టేషను చేరేలోపే రాలిపోయిందనీ ఊళ్లో అందరికీ తెలుసు. మర్నాడు పేపర్లో 'పేకాటరాయుళ్ల అరెస్టు' అని ఫొటో. ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు, ముందు బల్ల మీద ముక్కలు పరిచి ఉన్నాయి. బావ తల దించుకున్నాడు. బల్ల మీద గవ్వకళ్లోడు మాత్రం అందరి వంకా చూస్తున్నాడు.

కోర్టులో ఆడానని ఒప్పుకుంటే జరిమానా కట్టి ఆ పూటే ఇంటికి రావచ్చు. మిగతా ఇద్దరూ అలాగే వచ్చారు. వకీలూ అదే చెప్పాడు, షావుకారూ అదే చెప్పాడు. బావ వినలేదు. "ఆడలేదుగా, ఆడానని ఎట్టా చెప్పను?" అన్నాడు. జడ్జి ముందు కూడా అదే మాట. దాంతో వాయిదాల మీద వాయిదాలు. పని మానుకుని బస్సెక్కి పోయి, పేరు పిలిచేదాకా చెట్టు కింద నిలబడి తిరిగొచ్చేవాడు. చేసిన పెద్ద తప్పుకు ఏ కోర్టూ పిలవలేదు, చేయని దానికి తిప్పుతోంది. అయినా ఆయన మొహంలో ఒక తెగువ ఉండేది అప్పుడు. అన్నేళ్లు కాపాడుకున్న మాట అది. దాన్ని ఒక సంతకంతో పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు.

అక్క మొదట్లో ఆయన పక్కనే గట్టిగా నిలబడింది. కుళాయి దగ్గర ఎవరో "గోడతో ఆడాడంట, గోడే పత్తా వేసిందంట" అని నవ్వితే బిందె ఎత్తి కొట్టబోయింది. "నా మొగుడు ఆడలా. ఆడితే నాకు తెలీదా?" అని వీధి మొత్తానికి వినిపించేలా అరిచింది. పోలీసులు పేక ఉంచేసుకుంటే అదే షాపులో అలాంటిదే ఇంకొకటి కొనిచ్చింది. బావ మళ్లీ కూర్చుని గడ్డాలూ తోకలూ గీసుకున్నాడు.

శ్రావణంలో కీళ్ల జ్వరాలు వచ్చాయి. చికున్‌గున్యా అన్నారు టీవీలో. మా వీధిలో పడకెయ్యని ఇల్లు లేదు. మొగవాళ్లూ ఆడవాళ్లూ నడుములు వంగిపోయి, గోడలు పట్టుకుని నడిచారు. నాకూ వచ్చింది, మిషను తొక్కలేక మూల పెట్టాను. జోహరాబీ టీ గ్లాసు పట్టుకోలేక కొట్టు మూసేసింది. ఆ జ్వరమే తేజశ్రీకీ వచ్చింది. పిల్ల కదా, అందరికంటే ఎక్కువగా పట్టి పీడించింది. కాళ్లు వాచిపోయి నిలబడలేకపోయింది. చెంచా చేతికిస్తే వేళ్లు ముడుచుకోలేదు. ఊళ్లో డాక్టరు, "అందరికీ ఇదేనమ్మా, మెల్లిగా తగ్గుద్ది" అన్నాడు.

అందరికీ ఉన్నది వేరు, తన బిడ్డకు ఉన్నది వేరు అనిపించింది మా అక్కకు. ఎవరో పలకరించడానికి వచ్చిన మహాతల్లి, "పిల్ల తల మీద ఒట్టేయించావంటగా వెంకటరావమ్మా, ఒట్టు ఊరికే పోద్దా?" అని నిట్టూర్చి పోయింది. ఆ మాట వేసిపోయిన మనిషి ఎవరో తెలిస్తే ఈనాటికీ నేను ఊరుకోను. అక్క ఆ మధ్యాహ్నమే పోలేరమ్మ గుడి దగ్గర ముడుపులు కట్టే చెంచయ్య దగ్గరికి పోయింది. ఒట్టు తప్పినవాడు తల్లి ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, పసుపునీళ్లు పిల్ల తల మీద పోస్తే ఒట్టు దిగిపోతుందని చెప్పాడాయన. ఒప్పుకోకుండా పోస్తే మాత్రం అవి ఉత్త నీళ్లేనట.

నేను కషాయం కాచి పట్టుకెళ్లేసరికి అక్క బావ ముందు నిలబడి ఉంది. పిల్ల మంచంలో మూలుగుతోంది.

"నిజం చెప్పు. ఆడావా?"

"ఆడలేదు."

"పిల్ల వంక చూసి చెప్పు."

"ఆడలేదు వెంకటరావమ్మా. జోహరాబీ చూసిందిగా."

"ఆమె నీ మంచి కోరే మనిషి. ఎన్నైనా చెప్పుద్ది."

నాకు ఆగలేదు. "అక్కా, నీకేమన్నా పిచ్చా? ఊరంతా పడకేసిందే! ఊరంతా ఎవరి ఒట్టు తప్పిందని?"

"ఊళ్లో ఇంకెవరి పిల్ల మీదా ఒట్టు లేదే. నా పిల్ల మీదే ఉంది." అక్క గొంతు అరుపు కాదు, ఏడుపూ కాదు. "నేనే వేయించాను దుర్గా. దానికేమన్నా అయితే నేనెట్టా బతకను?"

బావ దాని వంక చూశాడు. తర్వాత పిల్ల వంక చూశాడు. తేజశ్రీ పక్కకు తిరగబోయి, తిరగలేక, "అమ్మా" అంది. అక్క పోయి దాన్ని తిప్పి పడుకోబెట్టి, అక్కడే నేల మీద కూలబడిపోయింది. పిల్ల పాదాలు రెండూ పట్టుకుని వాటికి తల ఆనించింది.

"ఆడాను" అన్నాడు బావ.

నా చేతిలో కషాయం ఒలికిపోయింది. అక్క తల ఎత్తింది.

"ఎవరితో?"

"కొట్టంలో వాళ్లతో."

"ఆ ఒక్క రోజేనా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. ఒక్క రోజే అంటే సరిపోతుందో లేదో, ఒట్టు మొత్తం దిగుతుందో సగమే దిగుతుందో అని అక్కకు మళ్లీ అనుమానం వస్తుందని ఆలోచించి ఉంటాడు. పేకాటలో పండినవాడు కదా, సగం ఆటలో లేవడు.

"కాదు. చాన్నాళ్ల నుంచీ" అన్నాడు.

అక్క లేచి పసుపు కలిపింది. బావ పిల్లను భుజాన వేసుకుని గుడికి నడిచాడు. నొప్పులతో గడపల్లో కూర్చున్న జనమంతా చూస్తుండగా, ఒట్టు తప్పానని అందరికీ వినపడేలా చెప్పి నీళ్లు పోశాడు. జడ్జి ముందు నోరు తిరగని మాట అక్కడ స్పష్టంగా పలికాడు.

తేజశ్రీకి జ్వరం తగ్గింది. నాకూ తగ్గింది, జోహరాబీకీ తగ్గింది, మా వీధిలో ఎవరూ ఏ నీళ్లూ పోయించుకోకుండానే అందరికీ తగ్గింది. కానీ మా అక్క లెక్క మా అక్కది. "చూశావా, నిజం చెప్పగానే ఎట్టా దిగిందో" అంది నాతో. సంతోషంగా కాదు. పిల్ల దక్కింది, మొగుడు మాత్రం ఇన్నేళ్లూ రోజూ తనకు అబద్ధం చెప్పాడని రుజువైపోయింది దానికి. సాయంత్రం కాళ్లకు నీళ్లిస్తూ ఎవరు గెలిచారని తను అడిగిన ప్రతిసారీ ఆయన లోపల నవ్వుకుని ఉంటాడని కుమిలిపోయింది. "నన్నెంత వెర్రిదాన్ని చేశాడే!" అని నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

ఆ రోజే చెప్పేద్దామని నేను తెగించాను. బావ సందులో ఎదురై ఆపేశాడు.

"వద్దు దుర్గా. నేను ఆడలేదంటే, ఒప్పుకున్నది అబద్ధమవుద్ది. నీళ్లు పనిచెయ్యలేదంటది. పిల్లకు రేపు దగ్గొచ్చినా ఒట్టు దిగలేదని మళ్లీ అదే నరకం. అది తట్టుకోలేదు. ఊరుకో."

"మరి నువ్వు?"

"నాదేముంది? నేను చేను పోగొట్టినవాణ్ణేగా."

ఆ తర్వాతి వాయిదాకు కోర్టులో కూడా ఆడానని ఒప్పుకుని వచ్చాడు. పోలేరమ్మ తల్లి ముందు ఒకటి, జడ్జి ముందు ఒకటి చెప్పలేనన్నాడు. జోహరాబీ మళ్లీ తెరిచిన తన కొట్టు ముందు నిలబడి, "నేను రోజూ చూశానుగా అన్నా, ఎందుకట్టా చెప్పావు?" అని కళ్లు తుడుచుకుంది. ఆయన టీ తాగి గ్లాసు పెట్టి కాటాలోకి పోయాడు. అక్క పేక తీసుకుపోయి నీళ్ల కాగు కింద పొయ్యిలో పెట్టింది. తోకలతో, ముక్కుపుడకలతో జలకన్యలు కూడా కాలిపోయారు. ఆ నీళ్లతోనే ఆ పూట ఇంటిల్లిపాదీ స్నానాలు చేశారు.

అక్క ఆయన్ని వదిలిపోలేదు. అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, పెళ్లిళ్లకు పోయేటప్పుడు ఆయన పక్కనే నడుస్తుంది. ఒక్క ప్రశ్న మాత్రం అడగదు. బావ కాటా దగ్గర లారీకీ లారీకీ మధ్య ఉత్త చేతులతో కూర్చుంటాడు. బొటనవేలు మాత్రం మళ్లీ ఆడుతోందని జోహరాబీ చెప్పింది.

మూడేళ్లకు తేజశ్రీకి గురుకులం స్కూల్లో సీటు వచ్చింది. పోయే రోజున రేకు పెట్టె వాకిట్లో పెట్టారు. పిల్ల నా కాళ్లకు దణ్ణం పెట్టింది, వాళ్లమ్మ కాళ్లకు పెట్టింది. తండ్రి కాళ్లకు కూడా వంగింది. దీవించడానికి ఆయన కుడిచెయ్యి చాచాడు. తేజశ్రీ గభాలున వెనక్కి జరిగింది.

"నా తల మీద చెయ్యి పెట్టొద్దు నాన్నా."

అక్క కొంగు సవరించుకుంటూ రోడ్డు వంక చూసింది. నేను నోరు తెరిచాను. బావ నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. చాచిన ఆ చేత్తోనే కిందికి వంగి పెట్టె ఎత్తుకున్నాడు. బస్సు వచ్చేదాకా దాన్ని కింద పెట్టలేదు.